వైద్యానికి గంజాయి: చట్టం ఏమంటోంది, చిక్కు ఎక్కడుంది?

మూర్ఛ, క్యాన్సర్ రోగులకు మేలు చేస్తుందంటున్న గంజాయిని మన దేశంలో వైద్యానికైనా ఎందుకు అనుమతించరన్నది ప్రశ్న. నిజానికి 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఆ దారిని పూర్తిగా మూసివేయలేదు. 8వ సెక్షన్ వైద్య, శాస్త్రీయ అవసరాలకు మినహాయింపు ఇచ్చింది. పైగా పూత, కాయ ఉన్న కొసలనే గంజాయిగా నిర్వచించి, వాటితో కలవని ఆకును, గింజను వదిలిపెట్టింది కనుకనే కొన్ని రాష్ట్రాల్లో ఆకుతో చేసే భాంగు అనుమతితో అమ్ముడవుతోంది.

అసలు చిక్కు మొక్కకూ మందుకూ ఉన్న తేడాలో ఉంది. లెన్నాక్స్-గాస్టో, డ్రావే అనే అరుదైన మూర్ఛ వ్యాధులకు 2018లో అమెరికా ఆమోదించిన ఎపిడియోలెక్స్ అనే మందు, నువ్వుల నూనెలో కరిగించిన శుద్ధమైన కన్నాబిడియాల్, అంటే గంజాయి మొక్కలోని మత్తునివ్వని పదార్థం. వైద్యులు బిడ్డ బరువును బట్టి మిల్లీగ్రాముల్లో మోతాదు లెక్కగట్టి, కాలేయ పరీక్షలు చేయిస్తూ జాగ్రత్తగా పెంచుతారు. చిలుంలో పీల్చే గంజాయికి ఆ కొలత ఉండదు, మత్తునిచ్చే టీహెచ్‌సీ మాత్రం ఉంటుంది.

2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ 27-25 ఓట్లతో గంజాయిని అత్యంత కఠినమైన నాలుగో జాబితా నుంచి తొలగించినప్పుడు భారత్ కూడా అనుకూలంగానే ఓటేసింది, అయితే మొదటి జాబితాలోని నియంత్రణ అలాగే ఉంది.

అనుమతిస్తే సాగు అదుపు తప్పుతుందన్న వ్యతిరేకుల భయాన్నీ కొట్టిపారేయలేం: విశాఖ మన్యంలో అక్రమ సాగు గిరిజన రైతులను కేసుల్లోకి లాగిన తీరు మనకు తెలుసు. అందుకే సాగుకు గేట్లు ఎత్తడంకన్నా, పరీక్షలకు నిలిచిన మందును మూర్ఛతో అల్లాడే బిడ్డకు అందుబాటు ధరలో చేర్చడమే ముందు జరగాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.