తక్కువ ఖర్చుతో పాత ఏటీవీని ఇంట్లోనే మెరుగుపరచుకోవడం ఎలా?

పాత ఏటీవీకి (ఎగుడుదిగుడు నేల మీద కూడా తిరిగే నాలుగు చక్రాల చిన్న బండి) పెద్దగా డబ్బు పెట్టకుండా సొంతంగా ఏం చేసుకోవచ్చని అడిగారు. నన్నడిగితే ముందు టైర్లలో గాలి చూడండి. చాలా ఏటీవీలకు 4 నుంచి 7 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) సరిపోతుంది. కారు గేజ్ అంత తక్కువ ఒత్తిడిని సరిగ్గా చూపించదు, అందుకే 15 పీఎస్‌ఐ లోపు కొలిచే చిన్న గేజ్ కొనండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు, బండి మీది స్టిక్కర్‌లో రాసిన అంకెకు సరిచేయండి. కుడి, ఎడమ టైర్లలో తేడా ఉంటే హ్యాండిల్ ఒక పక్కకు లాగుతుంది.

తర్వాత ఎయిర్ ఫిల్టర్. ఫోమ్‌ది అయితే సబ్బునీళ్లలో నొక్కి కడగండి. మెలిపెట్టి పిండితే చిరుగుతుంది. పెట్రోల్ మాత్రం వాడకండి, ప్రమాదం. పూర్తిగా ఆరాక ఫోమ్ ఫిల్టర్ ఆయిల్ సమంగా పట్టించి, ఎక్కువైనది నొక్కి తీసేయాలి. ఫిల్టర్ అంచుకు కాస్త గ్రీజు రాస్తే సందుల్లోంచి దుమ్ము లోపలికి పోదు. ఇంజిన్ ఆయుష్షు ఇక్కడే ఉంది!

బురదలో తిప్పేవాళ్లు వైర్ల కనెక్టర్లకు తడి చేరకుండా డైఎలక్ట్రిక్ గ్రీజు (కరెంటు పారనివ్వని గ్రీజు) రాసుకోవాలి. ఎల్‌ఈడీ లైట్ పెడితే బ్యాటరీ దగ్గరే ఫ్యూజ్ తప్పనిసరి. శబ్దం పెంచే సైలెన్సర్ల మీద డబ్బు దండగ, దానికి బదులు మంచి హెల్మెట్ కొనండి.