పరీక్షా వెర్షన్లు ఎన్నాళ్లకొకటి?

ప్రశ్న: మేము నలుగురు మిత్రులం లినక్స్ ఆధారంగా, తెలుగు మాధ్యమ పాఠశాలలకు పనికివచ్చే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి తయారు చేస్తున్నాము. వారానికొక పరీక్షా వెర్షన్ విడుదల చేస్తుంటే, కావలి, కందుకూరు ప్రాంతాలలో దానిని వాడి చూస్తున్న ఉపాధ్యాయులు "ఒకటి చూడడం పూర్తికాకముందే ఇంకొకటి వస్తోంది" అంటున్నారు. ఎన్నాళ్లకొకటి ఇస్తే మంచిది?
- ఒక పాఠకుడు, కావలి

జవాబు: మీకు కావలసిన కొలత ఆ ఉపాధ్యాయుల మాటలోనే ఉంది. వారు వెర్షన్‌ను డౌన్‌లోడ్ చేసుకొని, పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, బడిలోని పాత కంప్యూటర్‌లో వేసి, నాలుగు రోజులు వాడి, కనబడిన తప్పులు రాసి పంపడానికీ, వాటిని మీరు సరిదిద్దడానికీ పట్టే కాలం కంటే వ్యవధి తక్కువైతే, ఫిర్యాదు మీకు చేరేసరికే అది పాత వెర్షన్ సంగతి అయిపోతుంది.

లినక్స్‌కు మూల భాగమైన కెర్నల్‌కు వారం వారం పరీక్షా వెర్షన్లు వస్తాయి కదా అని మీరు అడగవచ్చు. నిజమే. అక్కడ కొత్త మార్పులను రెండు వారాలు మాత్రమే స్వీకరించి, ఆ తరువాత సాధారణంగా ప్రతి ఆదివారం ఒకటి చొప్పున ఏడెనిమిది ఆర్‌సీలు (రిలీజ్ క్యాండిడేట్లు, అంటే తుది విడుదలకు ముందు ఇచ్చే పరీక్షా వెర్షన్లు) విడుదల చేస్తారు. కానీ మొదటి ఆర్‌సీ తరువాత చేరేవి దాదాపు దిద్దుబాట్లే కనుక, మళ్లీ మొదటి నుంచి పరీక్షించవలసిన అవసరం అంతగా ఉండదు. ఇక హైకూ అనే మరొక ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో నాలుగవ ఆల్ఫా (తొలి దశ పరీక్షా వెర్షన్) 2012 నవంబరులోనూ, దాని తరువాతి దశ అయిన మొదటి బీటా 2018 సెప్టెంబరులోనూ వచ్చాయి. మధ్యలో రోజువారీ బిల్డులు (ఏ రోజు కోడ్‌తో ఆ రోజు తయారయ్యే వెర్షన్లు) ఉన్నా, అంత విరామంలో కొత్తవారికి ఏది వేసి చూడాలో తేల్చుకోవడం కష్టం. లినక్స్ ఆధారంగానే తయారై, ఆరు నెలలకొక వెర్షన్ ఇచ్చే ఉబుంటు కూడా 2025లో నెలవారీ స్నాప్‌షాట్లు (అప్పటికి పని ఎంతవరకు వచ్చిందో చూపే పరీక్షా వెర్షన్లు) మొదలుపెట్టింది.

మీకూ నెలకొకటి చాలునని నా అభిప్రాయం. రోజువారీ బిల్డులను మీ నలుగురి మధ్యే ఉంచుకొని, ఉపాధ్యాయులకు మాత్రం రెండవ శనివారానికి ముందు రోజు అందేలా చూడండి. సగంలో ఉన్న పని కోసం ఆ తేదీని జరపకుండా, ఆ పనినే వచ్చే నెలకు వాయిదా వేయండి. తుది విడుదలకు ముందు నెలలో కొత్తవి చేర్చడం ఆపివేసిన తరువాతే వారానికొకటి ఇవ్వండి.

హాజరుపట్టీ టైపు చేస్తుండగా "లక్ష్మి"లోని మవత్తు విడిపోయి చుక్కల వలయం కనబడితే, దానిని పట్టుకోగలిగేది తెలుగు చదివే కన్నే. అటువంటి కన్నును అలసిపోనివ్వకండి. ప్రతి వెర్షన్‌తో పాటు ఏమి మారిందో, ఏమి చూడాలో అర పేజీ రాసి పంపండి. కిందటి నెల వారు చెప్పిన తప్పు ఏమైందో అందులో ఒక్క వాక్యమైనా ఉండాలి.