కొత్త పిస్టల్ కొన్నవాళ్ల ప్రశ్నలు: ముందు చెవులు, తర్వాత చేతులు, ఆ తర్వాతే నూనె సీసా

ఈసారి ఉత్తరాలు చాలావరకు టెక్సస్‌లో ఉంటున్న మనవాళ్ల దగ్గర్నుంచి వచ్చాయి. అన్నీ పిస్టల్ చుట్టూ తిరిగేవే కాబట్టి ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: అన్నా, నమస్తే. ఈమధ్యే గ్రీన్ కార్డు వచ్చింది, ఇల్లు కొన్నాం, ఇంట్లో ఒకటి ఉంటే మంచిదని 9 ఎంఎం పిస్టల్ తీసుకున్నాను. షాపులో అబ్బాయి బ్యాగు, లేజరు, హోల్‌స్టర్, క్లీనింగ్ కిట్ అంటూ 400 డాలర్ల లిస్టు రాసిచ్చాడు. వచ్చే శనివారం మొదటిసారి ఇండోర్ రేంజ్‌కి (నాలుగు గోడల మధ్య కాల్చడం ప్రాక్టీసు చేసే చోటుకి) వెళ్తున్నా. నిజంగా ఏం కొనాలి? (ఫ్రిస్కో నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఆ లిస్టు పక్కన పెట్టండి. శనివారానికి మీకు తప్పనిసరిగా కావలసినవి చెవులకి రక్షణ, కళ్లకి రక్షణ, సరైన తూటాలు. మిగతావి నెమ్మదిగా చూసుకోవచ్చు.

చెవుల సంగతి ఎక్కువగా చెప్తాను, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. పిస్టల్ పేలుడు దాదాపు 160 డెసిబెల్స్ ఉంటుంది, 140 దాటిన ఒక్క చప్పుడు చాలు చెవి లోపలి నరాలు దెబ్బతినడానికి, పైగా ఇండోర్‌లో గోడలకి తగిలి మోత రెట్టింపైనట్టు అనిపిస్తుంది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు రేంజ్‌లో అద్దెకిచ్చిన మఫ్స్ (హెడ్‌ఫోన్ లాంటి చెవి డొప్పలు) ఒక్కటే పెట్టుకున్నాను. నాకు సైటు కళ్లజోడు ఉంది, దాని కాడ దగ్గర మఫ్ సరిగా ఆనక సందు మిగిలింది, ఆ సంగతి అప్పుడు నాకు తెలియలేదు. ఇంటికొచ్చాక ఎడమ చెవిలో సన్నగా కీచుమని మొదలైంది, పదకొండేళ్లయినా ఆగలేదు, రాత్రి ఫ్యాన్ ఆపితే ఇప్పటికీ వినిపిస్తుంది. దీనికి మందు లేదు. అందుకే ఇండోర్‌లో రెండూ పెట్టుకోండి, లోపల ఫోమ్ ప్లగ్స్, పైన మఫ్స్.

ప్యాకెట్ మీద ఎన్‌ఆర్‌ఆర్ అని ఒక అంకె ఉంటుంది, మోతని ఎంత తగ్గిస్తుందో అది చెబుతుంది. ఫోమ్ ప్లగ్స్‌కి 29 నుంచి 33 దాకా, మఫ్స్‌కి 22 నుంచి 30 దాకా ఉంటుంది. రెండూ కలిపి పెట్టుకుంటే అంకెలు కూడుకోవు, పెద్ద అంకెకి ఓ 5 కలుస్తుందంతే, కానీ ఆ అయిదూ విలువైనవే. ప్లగ్‌ని వేళ్ల మధ్య సన్నగా నలిపి, రెండో చేత్తో చెవిని పైకి లాగి, లోపలికి పెట్టి అది ఉబ్బేదాకా ఓ అర నిమిషం వేలితో పట్టుకోవాలి. సగం బయటికి వేలాడుతుంటే పెట్టుకోనట్టే లెక్క. ఎలక్ట్రానిక్ మఫ్స్ 50 డాలర్ల చుట్టుపక్కల దొరుకుతాయి, పేలుడుని ఆపుతూ మాటల్ని మాత్రం వినిపిస్తాయి, కొత్తవాళ్లకి రేంజ్ ఆఫీసర్ (అక్కడ భద్రత చూసే మనిషి) ఆపమని అరిచిన మాట వినబడటం చాలా అవసరం కాబట్టి ఈ ఖర్చు మాత్రం దండగ అనను.

కళ్లకి మామూలు సైటు అద్దాలు చాలవు, పక్కలు ఖాళీగా ఉంటాయి. వాటి మీదుగా పెట్టుకునే పెద్ద అద్దాలు దొరుకుతాయి, కాడ మీద కంటి రక్షణ ప్రమాణాన్ని సూచించే జెడ్87 అని ముద్ర ఉందో లేదో చూసి తీసుకోండి. తల మీద ముందుకి అంచున్న టోపీ, మెడ దాకా మూసిన టీషర్టు, బూట్లు. చెప్పులతో వెళ్లకండి. పిస్టల్ నుంచి ఎగిరే ఖాళీ కేసింగ్ (పేలిన తూటా తొడుగు) కాలుతూ ఉంటుంది, అది చొక్కా లోపల పడితే మనిషి గంతులేస్తాడు, చేతిలో లోడైన పిస్టల్ ఉన్న సంగతి మర్చిపోయి పక్కకి తిరుగుతాడు. ఒంటి మీద పడే చురక పెద్దదేం కాదు, ఆ తిరగడమే ప్రమాదం. ఏది పడినా ముందు ట్రిగ్గర్ మీంచి వేలు తీయండి, పిస్టల్ మూతి టార్గెట్ వైపే ఉంచి బల్ల మీద పెట్టండి, తర్వాత గంతులేసుకోవచ్చు.

తూటాల విషయంలో ప్రాక్టీసుకి 115 గ్రెయిన్ (తూటా బరువు) ఎఫ్‌ఎంజే (పైన లోహపు తొడుగున్న రకం), 50 పెట్టె రెండు తీసుకుంటే మొదటి రోజుకి ఎక్కువే. పెట్టె మీద 9 ఎంఎం లూగర్ అని గానీ 9x19 అని గానీ ఉండాలి. .380 తూటాని కూడా 9 ఎంఎం షార్ట్ అంటారు, అది వేరు, మీ పిస్టల్‌కి పనికిరాదు. కొన్ని ఇండోర్ రేంజ్‌లు అయస్కాంతం పెట్టి చూసి స్టీలు ఉన్న తూటాల్ని రానివ్వవు, ముందే ఫోన్ చేసి అడగండి.

పేల్చినప్పుడు ధన్ మనకుండా టుప్ మని చిన్నగా వినిపించి, చేతికి దెబ్బ తగలనట్టనిపిస్తే వెంటనే ఆపేయాలి. తూటా బ్యారెల్ (అది బయటికెళ్లే గొట్టం) మధ్యలో ఇరుక్కుపోయి ఉండొచ్చు, దాని వెనక ఇంకోటి పేలిస్తే బ్యారెల్ చీలిపోతుంది. రేంజ్ ఆఫీసర్‌ని పిలవండి, మొహమాటపడకండి.

డబ్బులు మిగిలితే మేగజైన్ (తూటాలు పేర్చే డబ్బా) నింపే లోడర్ ఒకటి కొనుక్కోండి, కొత్త మేగజైన్ స్ప్రింగ్ ముప్పయ్యో తూటాకే బొటనవేలిని వాచేలా చేస్తుంది. గురి చూపించే లేజరు వద్దు. లేజరుకి పెట్టే డబ్బుతో ఒక పూట శిక్షకుడితో క్లాసు తీసుకోండి.

ప్రశ్న: నమస్కారమండీ. మా ఆయన ప్రతి ఆదివారం రేంజ్ నుంచి వచ్చి డైనింగ్ టేబుల్ మీద పేపరు పరిచి పిస్టల్ తుడుస్తారు. ఇల్లంతా వాసన. పాత బనియన్ ముక్కలతో తుడిచి వాటిని సింకు దగ్గరే వదిలేస్తారు. పిల్లలకి నాలుగేళ్లు, ఏడాదిన్నర. నేను ఊరికే కంగారు పడుతున్నానా? (ప్లేనో నుంచి ఒక గృహిణి)

జవాబు: లేదమ్మా, మీ కంగారు సరైనదే, ఈ జవాబు ఆయనకి చదివి వినిపించండి.

వాసన కన్నా పెద్ద సమస్య సీసం. చాలా తూటాల్లో నిప్పు అంటించే ప్రైమర్‌లో సీసం సమ్మేళనం ఉంటుంది, తూటా అడుగున సీసం బయటికే ఉంటుంది, పేలిన ప్రతిసారీ అది పొగగా, దుమ్ముగా మారి చేతుల మీద, జుట్టులో, బట్టల మీద, బూట్ల మీద చేరుతుంది. పిస్టల్ తుడిచినప్పుడు వచ్చే నల్లటి మసిలోనూ అదే. అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ 2021లో పిల్లల రక్తంలో సీసానికి హెచ్చరిక అంకెని డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములకి తగ్గించింది, పిల్లలకి ఇంత వరకు ఫరవాలేదు అని చెప్పగలిగే స్థాయి ఏదీ లేదు కూడా. ఏడాదిన్నర పిల్ల నేల మీద పాకుతుంది, దొరికింది నోట్లో పెట్టుకుంటుంది. మనం చేత్తో అన్నం కలుపుకుని తింటాం, పిల్లలకి ముద్దలు పెడతాం. స్పూను పట్టుకునే ఇంట్లో కన్నా మన ఇంట్లో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి.

రేంజ్ నుంచి బయటికి రాగానే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోవాలి, ముఖం కూడా. శానిటైజర్ సీసాన్ని తీయదు, ఆ దుమ్ముని అక్కడే పులుముతుంది. సీసం తుడవడానికే అమ్మే ప్రత్యేకమైన తడి తుండ్లు ఉంటాయి, ఒక డబ్బా కారులో పెట్టుకోండి. అవి వాడకముందు మంచినీళ్ల సీసా కూడా ముట్టుకోవద్దు. చెప్పులు గడప బయట వదిలే అలవాటు మనకి ఉండనే ఉంది, రేంజ్ బూట్లు మాత్రం గరాజ్‌లోనే ఉండిపోవాలి. ఇంటికొచ్చి పిల్లల్ని ఎత్తుకోకముందు స్నానం, ఆ బట్టలు విడిగా ఉతకడం. ఖాళీ కేసింగులు పిల్లలకి ఆడుకోవడానికి తెచ్చి ఇచ్చేవాళ్లని చూశాను, దయచేసి ఆ పని చేయొద్దు. గర్భంతో ఉన్నవాళ్లు రేంజ్‌కి అసలు వెళ్లకూడదు, సీసం ఒకటైతే మోత ఇంకొకటి.

తుడిచే పని డైనింగ్ టేబుల్ మీంచి గరాజ్‌కి మారాలి. తలుపు సగం ఎత్తి గాలి ఆడనివ్వాలి, చేతులకి నైట్రైల్ గ్లవ్స్ ఉండాలి, బల్ల మీద ఒక చాప పరుచుకోవాలి, ఆ చాప ఇంకో పనికి వాడకూడదు. పాత బనియన్, పాత లుంగీ ముక్కలు నిజానికి చాలా మంచి ప్యాచ్‌లు (తుడుపు గుడ్డలు), కొనాల్సిన పనే లేదు, కానీ తుడిచాక కవర్లో మూటకట్టి చెత్తలో వేయాలి. అవి వంటింట్లో మసిగుడ్డల్లో కలిసిపోతే ఎంత ప్రమాదమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

మీరు అడగని మాట ఒకటి. తుడిచాక పిస్టల్ ఎక్కడ పెడుతున్నారో చూడండి. బీరువాలో చీరల కింద, అలమర పైన కుదరదు. నాలుగేళ్లవాడు కుర్చీ లాక్కుని ఎక్కగలడు. కొన్నప్పుడు పెట్టెలో ఒక కేబుల్ తాళం వచ్చి ఉంటుంది, లైసెన్సున్న డీలర్ అలాంటిది ఇవ్వాలని ఫెడరల్ చట్టమే ఉంది. దానికి తోడు గోడకో మంచానికో బిగించే చిన్న లాక్ బాక్స్ కొనండి. టెక్సస్ చట్టం ప్రకారం 17 ఏళ్ల లోపు పిల్లలకి అందేలా, పేల్చడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని అజాగ్రత్తగా వదిలేసి, అది వాళ్ల చేతికి చిక్కితే నేరం.

ప్రశ్న: అన్నా, క్లీనింగ్ కిట్ అవసరమా? ఇంట్లో డబ్ల్యూడీ 40 ఉంది, కుట్టుమిషను నూనె ఉంది. మా నాన్న కొబ్బరి నూనె వేయమంటున్నారు. (ఆస్టిన్ నుంచి)

జవాబు: నాన్నగారి మాట తీసేయాలని కాదు, మన ఊళ్లో తలుపు బందులకి అదే వేసేవాళ్లం. కానీ కొబ్బరి నూనె 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, ఏసీ వేసిన ఇంట్లోనే చిక్కబడుతుంది, పైగా ముక్కిపోయి జిగురవుతుంది. డబ్ల్యూడీ 40ని 1953లో తయారు చేసింది లోహం మీది తేమని తరిమేయడానికి. అది ఎక్కువ కాలం నిలిచే కందెన కాదు. కుట్టుమిషను నూనె గతిలేనప్పుడు పనిచేస్తుంది కానీ తుప్పు ఆపడంలో బలహీనం.

మీకు కావలసింది 9 ఎంఎం సైజు కంచు బోర్ బ్రష్, కడ్డీ, ప్యాచ్ పట్టుకునే జాగ్, ఒక సాల్వెంట్ (మసిని కరిగించే ద్రవం), ఒక తుపాకీ నూనె, పాత టూత్ బ్రష్. అన్నీ కలిపి 30, 40 డాలర్లు. సీఎల్‌పీ అని ఒకే సీసాలో శుభ్రం చేసేదీ కందెనా తుప్పు నిరోధకమూ కలిసి దొరుకుతుంది, కొత్తవాళ్లకి అదొక్కటి చాలు. హోప్స్ నంబర్ 9 అనే సాల్వెంట్ 1903 నుంచీ ఉంది, మసి బాగా పేరుకున్నప్పుడు బాగుంటుంది, ఘాటు మాత్రం ఎక్కువ.

పని మొదలుపెట్టే ముందు తూటాలన్నీ వేరే గదిలో పెట్టి రండి. ముందు మేగజైన్ తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పిస్టల్ పైన వెనక్కి జరిగే భాగం) లాగాలి. ఈ వరస తలకిందులైతే, స్లైడ్ లాగినప్పుడు చాంబర్లోని (బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోటు) తూటా బయటపడుతుంది, మేగజైన్ నుంచి ఇంకోటి లోపలికి వెళ్తుంది, మీరేమో ఖాళీ అయిందనుకుంటారు. స్లైడ్ వెనక్కి నిలిపి చాంబర్‌లోకి కళ్లతో చూడండి, చిటికెన వేలు పెట్టి తడిమి చూడండి. గ్లాక్ కంపెనీ పిస్టళ్ల లాంటి కొన్నిటిని విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కి తీరాలి కాబట్టి ఇంత పట్టుబడుతున్నాను.

బ్యారెల్ విడిగా తీశాక సాల్వెంట్ తడిపిన ప్యాచ్ వెనక నుంచి మూతి వైపుకి తోసి ఓ అయిదు నిమిషాలు నాననివ్వండి, తర్వాత బ్రష్ ఈ చివర నుంచి ఆ చివరకి పూర్తిగా బయటికి వచ్చేలా పదిసార్లు, ఆ పైన పొడి ప్యాచ్‌లు. గుడ్డ మల్లెపువ్వులా తెల్లగా రావాలని గంటసేపు రుద్దక్కర్లేదు, లేత బూడిద రంగు వస్తే చాలు. నూనె స్లైడ్ జారే పట్టాల మీద ఒక్కో చుక్క, మీ మాన్యువల్లో చూపించిన చోట్ల ఇంకో చుక్క. మనవాళ్లు పోపుకి పోసినట్టు పోస్తారు. ఎక్కువైన నూనె మసిని పట్టుకుని ముద్ద చేస్తుంది. స్ట్రైకర్ (తూటా ప్రైమర్‌ని పొడిచే సూది) ఉండే గొట్టంలో, మేగజైన్ లోపల అసలు వేయొద్దు. కొత్త గ్లాక్ అయితే స్లైడ్ లోపల రాగి రంగు గ్రీజు కనిపిస్తుంది, మురికనుకుని తుడిచేయకండి, కంపెనీ కావాలనే పెట్టింది.

ప్రశ్న: నేను హెచ్1బీ మీద ఉన్నాను. ఫ్రెండ్స్ అందరూ రేంజ్‌కి వెళ్తున్నారు. సొంతంగా కొనను, వాళ్లది తీసుకుని పేలిస్తే తప్పా? (ఇర్వింగ్ నుంచి)

జవాబు: తప్పే. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధించింది, అద్దెకి తీసుకున్నా, ఫ్రెండ్ తనది మీ చేతికిచ్చినా మీ దగ్గర ఉన్నట్టే లెక్క. 2022 సవరణ తర్వాత గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. మినహాయింపులు ఉన్నాయి, ముఖ్యమైనది చెల్లుబాటయ్యే వేట లైసెన్సు, కానీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా దాని మీద ఆధారపడకండి, తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయవచ్చు. పక్కన నిలబడి చూడటానికి అడ్డు లేదు, చెవులకీ కళ్లకీ పెట్టుకుని వెళ్లండి. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి కూడా ఒక మాట, విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మానాన్నల చేతికి ఫొటో కోసం పిస్టల్ ఇవ్వకండి. వాళ్లకీ ఇదే చట్టం.

ప్రశ్న: రేంజ్‌కి మంచి బ్యాగు ఏది? మామూలు బ్యాక్‌ప్యాక్ చాలదా? (హ్యూస్టన్ నుంచి)

జవాబు: చాలు, కానీ ఆ బ్యాక్‌ప్యాక్ ఇంక వేరే దేనికీ వాడకూడదు. మూడేళ్ల కిందట ఇండియా ప్రయాణానికి ముందు రాత్రి మా ఆవిడ మందుల డబ్బా పెడుతూ పక్క జేబు కుట్టు సందులో ఏదో గట్టిగా తగులుతోందంది. 9 ఎంఎం తూటా ఒకటి. అంతకుముందు ఎప్పుడో రేంజ్‌కి ఆ బ్యాగు పట్టుకెళ్లాను. అది మా కంట పడకపోయుంటే శంషాబాద్‌లోనో, తిరుగు ప్రయాణంలో ఇంకెక్కడో స్కానర్‌లో బయటపడేది. లైసెన్సు లేకుండా ఒక్క తూటా దొరికినా ఇండియాలో 1959 ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. తెలియక ఉండిపోయిందని కోర్టులో తేలి ఎఫ్‌ఐఆర్ కొట్టేసిన సందర్భాలు చాలా ఉన్నాయి, కానీ అంతదాకా వెళ్లేలోపు విమానం పోతుంది, సెలవులు పోతాయి, వీసా ఫారాల్లో అరెస్టయ్యారా అన్న గడి దగ్గర ప్రతిసారీ ఆగి రాయాల్సి వస్తుంది. రేంజ్ బ్యాగుకి ఎర్ర రిబ్బన్ కట్టి గరాజ్‌లో కొక్కేనికి తగిలించండి, సూట్‌కేసులు ఉండే అటకెక్కించకండి.