తల పైకెత్తని పిల్ల

చిరంజీవి శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఏరియా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుగా చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. ఎంత గర్వంగా ఉందో అంత బెంగగానూ ఉంది. రాత్రిపూట అక్కడ ఈఎన్‌టీ డాక్టరు ఉండరు, సీటీ స్కాన్ ఉండదు. జ్వరాలూ విరేచనాలూ నువ్వు చూసుకోగలవు. నా భయమంతా గొంతు వెనక పట్టే చీము గురించే.

ఇది ఐదేళ్లలోపు పిల్లల్లోనే ఎక్కువ. ముక్కు, గొంతుల ఇన్‌ఫెక్షన్ మెడపూసల ముందున్న లింఫు గ్రంథుల్లోకి దిగి చీము పడుతుంది. ఆ వయసు దాటాక ఆ గ్రంథులు కుంచించుకుపోతాయి. "జలుబు చేసింది, జ్వరం తగ్గట్లేదు, ముద్ద మింగట్లేదు, మెడ పట్టేసింది" అంటుంది తల్లి. మెడ అనగానే మెనింజైటిస్ (మెదడు పొరల ఇన్‌ఫెక్షన్) అని వెన్నులో నీరు తీయడానికి పరుగెత్తకు. నీకు చిన్నప్పట్నించీ తొందరెక్కువ. మెనింజైటిస్‌లో గడ్డం ఛాతీ వైపు వంగదు. ఇక్కడ తల పైకెత్తడం, పక్కకి తిప్పడం కష్టం. తల్లి ఒళ్లో ఉండగానే తాళాల గుత్తి తల పైన ఆడించు. కళ్లు పైకి పోతాయి, మెడ రాదు. మగతగా ఉన్నా, ఫిట్స్ వచ్చినా మాత్రం మెనింజైటిస్‌ని పక్కన పెట్టకు. చేపముల్లు గుచ్చుకుందా, నోట్లో పెన్సిలుతో పడిందా అని కూడా అడుగు.

ఎక్స్‌రే దగ్గర ఎప్పట్నించో జరుగుతున్న తప్పు ఒకటుంది. పిల్ల ఏడుస్తున్నప్పుడో, తల ముందుకి వాలినప్పుడో, ఊపిరి వదిలేటప్పుడో తీస్తే గొంతు వెనక కండ ఉబ్బినట్టు కనిపిస్తుంది. లేని చీము ఉందనిపిస్తుంది. పక్కనుంచి, తల కాస్త వెనక్కి ఉండగా, ఊపిరి పీల్చినప్పుడు తీయాలి. టెక్నీషియన్‌కి వదిలెయ్యకుండా నువ్వే పక్కన నిలబడు. ఆ కండ మందం రెండో మెడపూస ముందు 7 మిల్లీమీటర్లు, ఆరోదాని ముందు 14 దాటితే అనుమానించు. తల ఎత్తలేకపోతే బలవంతం చెయ్యకు, ఆ ఫిల్ము మీద తీర్పూ చెప్పకు. ఫిల్ము బాగున్నా నిశ్చింత వద్దు, గొంతు పక్కన పట్టిన చీము అందులో తెలియకపోవచ్చు. దానికి కాంట్రాస్టుతో, అంటే నరంలోకి రంగుమందు ఎక్కించి తీసే సీటీ కావాలి. అందులో చుట్టూ మెరిసే అంచు కనిపించినా, కోస్తే చీము రాని పిల్లలుంటారు.

చొంగ కారుతున్నా, ఊపిరిలో శబ్దం వస్తున్నా నాలుక నొక్కి చూడకు, వెల్లకిలా పడుకోబెట్టకు, స్కాన్ కోసం మత్తివ్వకు. మత్తులో ఊపిరి దారి మూసుకుపోతే తెరిచేవాళ్లు పక్కనుండాలి. కూచోబెట్టే ఆక్సిజన్ పెట్టి, మత్తు డాక్టర్ని పిలువు. యాంటీబయాటిక్ మొదటి డోసు అక్కడే ఇచ్చి పెద్దాసుపత్రికి పంపు: ఆంపిసిలిన్-సల్‌బాక్టమ్, ఆంపిసిలిన్ లెక్కన కిలోకి 50 మిల్లీగ్రాములు, 6 గంటలకోసారి. 24 నుంచి 48 గంటల్లో తేడా లేకపోతే మళ్లీ స్కానో, ఆపరేషనో తేల్చాలి. ఈలోపు ఊపిరి తీయడం కష్టమైతే అంతసేపు ఆగొద్దు.

ఐదు రోజులుగా జ్వరం, ఎర్రటి కళ్లు, పగిలిన పెదాలు ఉంటే కవాసాకి (రక్తనాళాలు వాచే జబ్బు) గుర్తుంచుకో, దాన్లోనూ గొంతు వెనక వాపు వస్తుంది. వారాల తరబడి సన్నజ్వరం, సరిగ్గా మధ్యలో వాపు ఉంటే మెడపూస క్షయ చూడు.

ఏ రాత్రయినా ఫోన్ చెయ్యి తల్లీ. ముందు 108కి, తర్వాత నాకు.

మీ పెద్దమ్మ