పంటికి కిరీటమా, తొడుగా?

సందేహం: ఒక దంత వైద్యశాల కోసం ఇంగ్లీషు కరపత్రాన్ని తెలుగు చేస్తున్నాను. నోట్లో చిన్న కెమెరాతో స్కాన్ తీసి, క్రౌన్‌ను, అంటే దెబ్బతిన్న పంటి మీద వేసే కప్పును, అక్కడే యంత్రంతో తయారుచేసి, అదే రోజు పంటికి అమర్చే పద్ధతి గురించి. నేను రాసిన వాక్యం ఇది: “మా కార్యాలయంలోనే డిజిటల్ ముద్ర తీసుకొని, మీ కాటును స్కాన్ చేసి, ఒకరోజు దంత కిరీటం మిల్లు చేయబడును.” డాక్టరుగారు బాగుందన్నారు. మా అమ్మ మాత్రం చదివి, “ఏమోనమ్మా, నాకైతే భయంగా ఉంది” అంది. తప్పెక్కడుంది? క్రౌన్‌కు సరైన మాట కిరీటమా, తొడుగా, లేక క్యాప్ అనే ఉంచాలా? యంత్రంతో కోసి రూపం తెచ్చే మిల్లింగ్‌కు తెలుగు మాట ఉందా?

సమాధానం: ముందు మీ అమ్మగారి మాట పట్టించుకోండి. మీరు ప్రతి మాటకూ నిఘంటువులో ఉన్న అర్థమే పెట్టారు, విడివిడిగా చూస్తే ఒక్కటీ పూర్తిగా తప్పని చెప్పలేను, కానీ అన్నీ కలిపి చదివితే ఏదో ఆఫీసుకు పిలిచి, ముద్ర వేసి, పంటిని మరలో వేసి ఆడించి, ఒక్కరోజు ఉండే కిరీటం పెడతారన్న అర్థం వస్తోంది. పంటి నొప్పితో వచ్చి, టెన్షన్‌గా కూర్చున్న మనిషి చదివే కాగితం ఇది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

కిరీటంతో మొదలుపెడదాం. ఇంగ్లీషులో క్రౌన్ అనే మాట పంటి విషయంలో రెండింటికి వాడతారు. చిగురు పైన కనిపించే సహజమైన పంటి భాగం ఒకటి, ఆ భాగం దెబ్బతిన్నప్పుడు దాని మీద వేసే కృత్రిమమైన కప్పు ఇంకొకటి. మొదటిదాన్ని మన శరీరశాస్త్ర పాఠాల్లో కిరీటం అంటున్నారు, అది అలాగే ఉండనివ్వండి. రెండోదాన్ని కూడా కిరీటం అంటే రెండు చిక్కులు. ఒకటి, ‘మీ కిరీటం విరిగింది, కిరీటం వేయాలి’ లాంటి వాక్యాలు పుట్టుకొస్తాయి. రెండోది ఇంకా పెద్దది: కిరీటం తల మీద నిలుస్తుంది, కావాలంటే పెట్టుకుంటాం, అక్కర్లేదంటే తీసి పక్కన పెడతాం. పంటికి వేసేది అలా కాదు, అరగదీసిన పంటిని చుట్టూ కప్పుతూ చిగురు అంచు దాకా దిగుతుంది, అతికించాక ఇక తీసేది ఉండదు. అది పంటి మీద ఉండే వస్తువు కాదు, పన్ను దాని లోపల ఉంటుంది. ఈ పనికి తెలుగులో ఉన్న మాట తొడుగు. చేతి తొడుగులో చెయ్యి ఉన్నట్టు పంటి తొడుగులో పన్ను ఉంటుంది.

ఇక్కడ ఇంకో పాత మాట చెప్పకుండా ఉండలేను. చేతికర్ర చివర, రోకలి చివర అరిగిపోకుండా, పగిలిపోకుండా తొడిగే లోహపు కట్టును పొన్ను అంటారు. పొన్నుకర్రలో ఉన్నది ఆ మాటే. చేసే పనిని బట్టి చూస్తే క్రౌన్‌కు ఇంతకంటే దగ్గరి తెలుగు మాట నాకు దొరకలేదు. అయినా దీన్ని మీ కరపత్రంలో పెట్టమని చెప్పను. నలుగురికీ తెలియని మాట ఎంత అచ్చ తెలుగైనా రోగికి పరాయి మాటే. మామూలుగా జనం క్యాప్ అంటున్నారు, ‘పంటికి క్యాప్ వేయించుకున్నాను’ అని ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. కాబట్టి మొదటిసారి ‘పంటి తొడుగు, అంటే క్యాప్’ అని రాసి, తర్వాత మీకు నచ్చినదాన్ని వాడుకోండి, కానీ రెండూ కలగాపులగం చేయకండి, ఒకటే పట్టుకోండి.

పంటి తొడుగు అన్నాను, పన్ను తొడుగు అనలేదు, చూశారా? కన్ను కంటి అయినట్టు, ఇల్లు ఇంటి అయినట్టు పన్ను పంటి అవుతుంది: పంటి నొప్పి, పంటి చిగురు. పన్ను నొప్పి అని కూడా మాటల్లో వింటాం, అది తప్పని కొట్టిపారేయను, కానీ రాతలో ‘పంటి’ వాడితే ఒక లాభం ఉంది. ప్రభుత్వానికి కట్టే పన్ను ఎప్పుడూ పంటి కాదు, దాని బహువచనం కూడా పన్నులే. నోట్లో పన్నుకు బహువచనం పళ్ళు, పాత రూపం పండ్లు. అదే పండుకూ బహువచనం కావడం వల్ల ‘పళ్ళు’ మాత్రం సందర్భాన్ని బట్టి తెలుసుకోవాల్సిందే. నోట్లో పన్నుకు పాత రూపం పలు, తమిళంలో పల్, కన్నడంలో హల్లు, అన్నీ ఒక్క కుదురు నుంచి వచ్చినవే. మనకు ఆ రూపం ఇప్పటికీ పలువరుసలో మిగిలి ఉంది.

దంతం అనే మాట మీద నాకు కోపం లేదు. దంత వైద్యుడు, దంత వైద్యశాల బాగా కుదిరిపోయాయి. కానీ దానికి తెలుగు ‘పు’ చేర్చి దంతపు తొడుగు అని మాత్రం రాయకండి. దంతపు దువ్వెన, దంతపు పెట్టె అన్నప్పుడు ఏనుగు దంతంతో చేసినదని అర్థం. దంతపు తొడుగు అంటే దంతంతో చేసిన తొడుగవుతుంది. మీరు చెప్పాలనుకున్నది దంతానికి వేసే తొడుగు.

ఇక మిల్లింగ్. మీ ప్రశ్నలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే, ఎందుకంటే తెలుగు ఇక్కడ పేదది కాదు, చాలా సంపన్నమైనది, ఆ సంగతి మనకే గుర్తుండడం లేదు. గట్టి వస్తువును అరగదీసి, విరగ్గొట్టి, పొడి చేసి మార్చే పనులకు మనకు ఎన్ని క్రియలున్నాయో చూడండి: విసురుతాం, రుబ్బుతాం, నూరుతాం, దంచుతాం, అరగదీస్తాం, సాన పడతాం, గీరుతాం, తొలుస్తాం, చెక్కుతాం. ఇవన్నీ ఒకటి కావు. విసిరినా, రుబ్బినా, దంచినా చివరికి మిగిలేది పిండో ముద్దో, అసలు వస్తువు రూపం పోతుంది, పోవాలనే కదా ఆ పని చేసేది. చెక్కడం దీనికి పూర్తిగా తిరగబడిన పని. అక్కడ రాలిపోయినది పొట్టు, మిగిలినది మనకు కావలసిన వస్తువు. తెలుగులో మిల్లు అనగానే బియ్యం మిల్లో పిండి మిల్లో గుర్తుకొస్తుంది, మిల్లు ఆడించడం అంటే పొడి చేయించడం. ఇంగ్లీషులోనూ ఆ మాట పుట్టింది తిరగలి రాయి అనే అర్థం ఉన్న లాటిన్ మాట నుంచే, దవడ పళ్ళకు వాళ్ళు వాడే మోలార్ అనే పేరూ అదే మాట నుంచి వచ్చింది, అవి తిరగలి రాళ్ళలా నమిలి పిండి చేస్తాయని. తర్వాత అక్కడి కార్ఖానాల్లో ఆ మాటకు లోహాన్ని కోసి రూపం తెచ్చే అర్థం కూడా వచ్చి చేరింది. మన మిల్లుకు ఆ రెండో అర్థం జనంలోకి రాలేదు. అందుకే ‘కిరీటం మిల్లు చేయబడును’ అంటే మీ అమ్మగారు ఉలిక్కిపడ్డారు.

మీ ఉత్తరం వచ్చాక ఆ యంత్రం పనిచేస్తుంటే వెళ్ళి కూర్చుని చూశాను. చిన్న పింగాణీ దిమ్మ ఒకటి బిగిస్తారు. వజ్రపు రజను పూసిన సన్నని ములుకులు గిరగిరా తిరుగుతూ, ధారగా పడే నీళ్ళలో ఆ దిమ్మను అన్ని వైపుల నుంచీ కోసుకుంటూ పోతాయి, పది నుంచి ఇరవై నిమిషాల్లో దవడ పన్ను రూపం బయటపడుతుంది. పైన గుంటలూ మిట్టలూ చెక్కుతుంది, లోపల పన్ను ఇమిడే ఖాళీని తొలుస్తుంది. చూస్తూ ఉంటే శిల్పి పని తప్ప ఇంకేదీ గుర్తుకు రాలేదు. కాబట్టి మీకు కావలసిన క్రియలు చెక్కడం, తొలవడం. ‘దిమ్మ నుంచి తొడుగును యంత్రంతో చెక్కుతాం’ అనండి, ఏ వివరణా అక్కర్లేదు. తరిమెన (లేత్ యంత్రం) పట్టడం అనే మంచి మాట ఉంది కదా, దాన్ని వాడకూడదా అని కొందరు అడుగుతారు. తరిమెనలో తిరిగేది చెక్కించుకునే వస్తువు, ఉలి నిలకడగా ఉంటుంది. ఇక్కడ గిరగిరా తిరుగుతూ కోసేది పనిముట్టు, కాబట్టి అది పొసగదు. లోహపు తొడుగులను మైనంతో నమూనా చేసి, కరిగించిన లోహం పోసి తయారుచేస్తారు, దానికి మాట పోత. త్రీడీ ప్రింటింగ్‌లో పొర మీద పొర పేరుస్తారు. పోయడం, పేర్చడం, చెక్కడం, మూడు పద్ధతులకు మూడు క్రియలు మన దగ్గర సిద్ధంగా ఉన్నాయి, మూడింటికీ ‘తయారుచేయడం’ అని రాసి ఎందుకు చదును చేయాలి?

నా ఉద్దేశం ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: వస్తువు పేరు అరువు తెచ్చుకున్నా నష్టం లేదు, క్రియ మాత్రం మనదై ఉండాలి. స్కానర్, క్యాప్, తొడుగులు చేసే పింగాణీ రకాల్లో ఒకటైన జిర్కోనియా, ఈ పేర్లు అలాగే ఉండనివ్వండి. కానీ క్యాప్‌ను వేస్తాం, తొడుగును తొడుగుతాం లేదా అతికిస్తాం. కిరీటమైతే పెట్టాలి, ధరించాలి. అక్కడే అది ఈ పనికి పనికిరాని మాటని తెలిసిపోతుంది. పంటిని సిద్ధం చేసే పనిని ఇంగ్లీషు చూసి ‘పంటి తయారీ’ అని రాసినవాళ్ళున్నారు, అది కొత్త పన్ను చేస్తున్నట్టు ఉంటుంది. ‘పంటిని కొద్దిగా అరగదీస్తాం’ అనండి, జరిగేది అదే. చెక్కిన తర్వాత కొన్ని రకాలను ‘వేడిచేస్తారు’ అని కూడా రాయకండి, కాలుస్తారు అనండి, కుండను కాల్చినట్టు. లిథియం డైసిలికేట్ అనే ఇంకో రకం పింగాణీ దిమ్మ చెక్కేటప్పుడు నీలం, ఊదా కలిసిన రంగులో ఉండి, సుమారు 840 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాల్చాకే గట్టిపడి పంటి రంగుకు వస్తుంది. జిర్కోనియా కాలేటప్పుడు కుంచించుకుపోతుంది కాబట్టి కావలసిన దానికంటే ఇంచుమించు 20 నుంచి 25 శాతం పెద్దదిగా చెక్కి, 1500 డిగ్రీలకు అటూ ఇటూగా కాలుస్తారు. ఇంత పని జరిగే చోట ‘వేడి’ అనే మాట చాలదు.

ఇక ఇంప్రెషన్‌కు మీరు రాసిన ముద్ర సంగతి. ముద్ర అంటే మనకు రాజముద్ర, వేలిముద్ర. మెత్తని ముద్దను పళ్ళకు నొక్కి తీసేదానికి అచ్చు సరైన మాట, ‘అచ్చు గుద్దినట్టు’ అనే నుడికారంలో ఉన్నది ఆ నొక్కడమే. (అచ్చులు హల్లులు అన్నప్పటి అచ్చు వేరు, అది సంస్కృత వ్యాకరణం నుంచి వచ్చింది.) స్కానర్ దేన్నీ నొక్కదు. పళ్ళ మీద వెలుగు వేసి, తిరిగి వచ్చే వెలుగును బట్టి ఆకారాన్ని లెక్కగడుతుంది. అయినా 1973లో ఫ్రాన్స్‌లో ఫ్రాంస్వా డ్యూరే ఈ ఆలోచనను తన సిద్ధాంత గ్రంథంలో పెట్టినప్పుడు ‘కాంతితో తీసే అచ్చు’ అని అర్థం వచ్చే ఫ్రెంచి పేరే పెట్టాడు. పని మారినా పాత పేరును వెంట తెచ్చుకున్నాడు, భాషల్లో ఇది మామూలే. 1985లో జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో వెర్నర్ మోర్మన్, మార్కో బ్రాండెస్టీనీ ఇద్దరూ కలిసి తెచ్చిన సెరెక్ యంత్రంతో మొదటి రోగికి అక్కడికక్కడే చెక్కి పెట్టారు, అది తొడుగు కాదు, పంటి గుంటలో ఇమిడే పింగాణీ ముక్క. మనం కూడా డిజిటల్ అచ్చు అనుకోవచ్చు, తప్పు లేదు. కానీ నాకు అంతకంటే ‘కొలత’ ఇష్టం. ‘డాక్టరు కొలత తీసుకున్నారు, క్యాప్ ఇంకా రాలేదు’ అని జనం ఎప్పటి నుంచో అంటున్నదే. ముద్దతో తీసినా వెలుగుతో తీసినా కొలత కొలతే. పైగా స్కానింగ్ అనగానే కొందరు ఎక్స్‌రే లాంటిదని భయపడతారు, ‘ఇందులో ఎక్స్‌రే ఉండదు, వెలుగుతో కొలత తీస్తాం’ అని ఒక్క వాక్యం కలపండి.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాను. కాటు అంటే పాముకాటు, కుక్కకాటు. మీరు చెప్పాల్సింది పై పళ్ళూ కింది పళ్ళూ కలిసే తీరు, కాబట్టి అలాగే రాయండి. కార్యాలయం వద్దు, ఇంగ్లీషులో డాక్టరు గదిని ఆఫీసు అనవచ్చు, మనం అనం, ‘క్లినిక్‌లోనే’ అన్నా ‘అక్కడికక్కడే’ అన్నా చాలు. ఒకరోజు కిరీటం అంటే ఒక్కరోజు మాత్రమే ఉండేది. ‘అదే రోజు’ అనండి. ‘చేయబడును’ గురించి వేరే చెప్పాలా? చేసేది మీరే అయినప్పుడు ‘చేస్తాం’ అనడానికి సంకోచం దేనికి? ఎవరు చేస్తారో తెలియని వాక్యం రోగికి ధైర్యం ఇవ్వదు.

మీ వాక్యాన్ని నేనైతే ఇలా రాస్తాను:

“దెబ్బతిన్న పంటిని కొద్దిగా అరగదీసి, చిన్న కెమెరాతో దాని కొలత తీస్తాం. ఇందులో ఎక్స్‌రే ఉండదు. పై పళ్ళూ కింది పళ్ళూ ఎలా కలుస్తున్నాయో కూడా చూస్తాం. ఆ కొలత ప్రకారం పింగాణీ దిమ్మ నుంచి పంటి తొడుగును, అంటే క్యాప్‌ను, మా క్లినిక్‌లోనే యంత్రంతో చెక్కి, అవసరమైతే కాల్చి, అదే రోజు మీ పంటికి అతికిస్తాం.”

మీ వాక్యం కంటే బాగా పొడుగైంది, నిజమే. కరపత్రంలో చోటు చాలకపోతే పక్కన ఉండే బొమ్మ కాస్త చిన్నది చేయమనండి, మాటలు మాత్రం తగ్గించకండి. అచ్చుకు పంపే ముందు ఒకసారి మీ అమ్మగారికి చదివి వినిపించి, ఈసారి ఏమన్నారో నాకు రాయండి.