లేఅవుట్ పార్కు, రోడ్డు పక్క చెట్ల ఖర్చు ఎవరు పెట్టుకోవాలి?

ప్రశ్న: నెల్లూరు దగ్గర 80 ప్లాట్ల లేఅవుట్. డెవలపర్ వెళ్లిపోయాక మొక్కలన్నీ ఎండిపోతున్నాయి. ఏం చేయాలి?

ముందు గిఫ్ట్ డీడ్ (స్థలం రాసిచ్చిన దానపత్రం) చూడండి. అనుమతి ఉన్న లేఅవుట్లో 10 శాతం ఖాళీ స్థలం స్థానిక సంస్థకు రాసివ్వాలి. రాసిచ్చి ఉంటే పార్కు పంచాయతీదో మున్సిపాలిటీదో అవుతుంది. ప్లాట్ల యజమానులంతా కలిసి సంఘం రిజిస్టర్ చేసి, నిర్వహణకు వాళ్ల దగ్గర రాతపూర్వక అనుమతి తీసుకోండి.

చందా ఇంటి లెక్కన పెడితే ఖాళీ ప్లాట్లవాళ్లు తప్పుకుంటారు, భారమంతా కాపురమున్నవాళ్ల మీదే పడుతుంది. అంకణాల లెక్కన, అంటే ప్లాటు విస్తీర్ణాన్ని బట్టి వేయడమే న్యాయం. ప్లాటుకు సగటున నెలకు 300 వచ్చినా 24,000 అవుతుంది. తోటమాలి జీతం, కరెంటు బిల్లు, ఎరువు పోను కొంత బోరు మోటారు రిపేరుకని విడిగా ఉంచండి. మోటారు ఎక్కువగా కాలేది మే నెలలోనే, అప్పుడు వారం ఆగితే లేత మొక్కలు దక్కవు.

ఆకుల అంచులు మాడి, పాదులో తెల్లటి పొర కడుతుంటే బోరు నీళ్లలో ఉప్పు ఉన్నట్టే. రోజూ కాసిన్ని పోస్తే ఉప్పు వేళ్ల దగ్గరే పేరుకుంటుంది. మూడు నాలుగు రోజులకోసారి మొక్కకు 20 లీటర్లు, లోతుకు దిగేలా పోయండి. డ్రిప్పు రంధ్రాలు కూడా ఈ ఉప్పుకే పూడుకుపోతాయి, నెలకోసారి చూసుకోవాలి.

కొత్తగా నాటేది కానుగ, వేప. అదీ అక్టోబరులో, ఈశాన్య రుతుపవనాల వానలు మొదలయ్యాక.