మోకాళ్ల నొప్పులు, నిద్రలేమి ఉన్న అమ్మ తాయ్ చీ చేయొచ్చా? హైదరాబాద్‌లో ఎలా మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమ్మగారికి అరవై దాటాయి, మోకాళ్లలో గుజ్జు అరిగిందన్నారు, బీపీ మాత్రలు వాడుతున్నారు, రాత్రి సరిగ్గా నిద్ర పట్టదు, యోగా క్లాసులో కింద కూర్చుని లేవలేక మానేశారు. అలాంటావిడ తాయ్ చీ, చీగాంగ్ (రెండూ శ్వాసతో కలిపి నిదానంగా చేసే చైనా వ్యాయామాలు) చేయొచ్చా, యూట్యూబ్ చూసి నేర్చుకుంటే సరిపోతుందా అని. చేయొచ్చండీ, నిక్షేపంగా చేయొచ్చు. కాకపోతే యూట్యూబ్‌లో ముందుగా కనిపించే 24 భంగిమల వరసతో మాత్రం మొదలుపెట్టించకండి.

నేనుండేది అశోక్‌నగర్‌లో. యాభై దాటాక, మెట్లు దిగాలంటే రెయిలింగ్ పట్టుకోక తప్పని రోజుల్లో మొదలుపెట్టాను, ఇప్పుడు పొద్దున్నే ఇందిరా పార్కులో నలుగురైదుగురం కలిసి చేస్తాం. నేను టీచర్ని కాను. నా ఒంటికి పనిచేసిందీ, చదివి తెలుసుకున్నదీ రాస్తున్నాను.

24 భంగిమలు ఎందుకు వద్దంటున్నానంటే, తాయ్ చీ మొదట యుద్ధవిద్య. చైనాలో హెనాన్ రాష్ట్రంలోని చెన్ కుటుంబం ఊళ్లో 17వ శతాబ్దంలో రూపు కట్టింది. అక్కడ నేర్చుకున్న యాంగ్ లూచాన్ దాన్ని బీజింగ్ తీసుకెళ్లాడు, ఆయన మనవడు యాంగ్ చెంగ్‌ఫు దగ్గరికి వచ్చేసరికి ఇప్పుడు మనం చూసే నిదానమైన పద్ధతి స్థిరపడింది. అందరూ నేర్చుకోవడానికి వీలుగా 1956లో చైనా క్రీడాశాఖ దాన్ని 24 కదలికలకు కుదించింది. కుదించినా అందులో ‘పాము కిందికి జారడం’ అనే భంగిమ ఉంది, ఒక మోకాలు బాగా మడిచి కిందికి దిగాలి, ఆ వెంటనే ‘బంగారు కోడి’ అని ఒంటికాలి మీద లేచి నిలబడాలి. గుజ్జు అరిగిన మోకాలితో మొదటి నెలలో ఇది చేయిస్తే ఆవిడ యోగా మానేసినట్టే దీన్నీ మానేస్తారు, మళ్లీ ఇంకోదాని వైపు చూడరు కూడా.

తాయ్ చీలో అసలు సరుకు కాళ్లలో ఉంది. చేతులు గాల్లో తేలుతుంటే చూడ్డానికి బాగుంటాయి, వీడియో చూసేవాళ్లంతా చేతుల్నే అనుకరిస్తారు. నేర్చుకోవాల్సిందల్లా శరీరం బరువును ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి తెలిసి తెలిసి మార్చడం. ఇది ఒక్కటి వస్తే చాలు, మిగతావి వచ్చినప్పుడు వస్తాయి.

అమ్మగారిని కిటికీ గ్రిల్ పక్కన, చేయి చాస్తే అందేంత దూరంలో నిలబెట్టండి. పాదాల మధ్య భుజాల వెడల్పు ఉండాలి, మోకాళ్లు బిగించకుండా కాస్త వదులుగా, తల నిటారుగా. ముందు బరువంతా కుడికాలి మీదికి రానివ్వాలి. ఎడమ పాదం కింద ఏమీ లేదనిపించాక దాన్ని ఎత్తి అర అడుగు ముందుకు పెట్టాలి, అది కూడా మడమ మాత్రమే నేలకు ఆనేలా. అక్కడ ఆగమనండి. ఆ మడమ మీద ఇంకా బరువు పడకూడదు. పడిందో లేదో తెలియాలంటే ఆ పాదాన్ని మళ్లీ వెనక్కి తీసుకోమనండి, ఒళ్లు ఊగకుండా, నడుము వెనక్కి పడకుండా తీసుకోగలిగితే సరిగ్గా పెట్టినట్టు. ఆ తర్వాతే పాదం మొత్తం ఆన్చి, ఒక చెంబులో నీళ్లు ఇంకో చెంబులోకి తొణక్కుండా వంపినట్టు బరువును నిదానంగా ముందుకాలికి మార్చాలి. మామూలు నడకలో మనం సగం ముందుకు పడుతూ, పడేలోపు కాలు అడ్డం పెట్టుకుంటాం, ఆ కుదుపు మోకాలికి తగులుతుంది. ఇందులో ఆ పడటం ఉండదు, తొడ కండరం బరువును పట్టుకునే ఉంటుంది, అందుకే నిదానంగా చేస్తే తేలికనుకుంటారు గానీ చేస్తే తొడలు వణుకుతాయి. మొదట్లో ఆ వణుకు మామూలే. మోకాలి లోపల గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం అది వేరు, వెంటనే ఇంకాస్త ఎత్తుగా నిలబడాలి, అయినా తగ్గకపోతే ఆ రోజుకి ఆపేయాలి.

ఇంకో ముఖ్యమైన సంగతి. మోకాలు ఎప్పుడూ కాలివేళ్ల వైపే చూడాలి, లోపలికి వాలకూడదు, వేళ్లు దాటి ముందుకు పోకూడదు. పక్కకి తిరగాల్సి వచ్చినప్పుడు బరువున్న కాలి మీద గిర్రున తిరగకూడదు. పాదం నేలకి అంటుకుని ఉండి తొడ తిరిగితే మధ్యలో మెలిపడేది మోకాలే. ముందు ఆ కాలు ఖాళీ చేసుకుని, పాదం తిప్పుకుని, అప్పుడు బరువు వేయాలి. చాలా వీడియోల్లో ఈ మాట చెప్పరు, నాకు అదే బాధ.

నా మటుకు నాకు తేడా తెలిసింది బస్సు దగ్గర. మహాలక్ష్మి ఫ్రీ టికెట్ వచ్చాక ఆర్టీసీ బస్సులు ఎలా కిటకిటలాడుతున్నాయో మీకు తెలుసు, ఆ చివరి మెట్టు మీది నుంచి రోడ్డు మీదికి దిగడం నాకు గండంగా ఉండేది. ఇప్పుడు పైకాలి మీద బరువు ఆపుకుని, కింది పాదం నేల తాకాకే వదులుతాను. అదే అడుగు, పార్కులో నేర్చుకున్నదే.

ఇక డాక్టర్లు ఏమంటారంటే, బోస్టన్‌లోని టఫ్ట్స్ మెడికల్ సెంటర్ వాళ్లు మోకాలి అరుగుదల ఉన్న 204 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకి వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు తాయ్ చీ నేర్పించారు, ఇంకో జట్టుకి ఫిజియోథెరపీ ఇచ్చారు. 2016లో ఫలితాలు వచ్చాయి, నొప్పి రెండు జట్లలోనూ దాదాపు ఒకేలా తగ్గింది. అమెరికా కీళ్లవ్యాధుల వైద్యుల సంఘం 2019 మార్గదర్శకాల్లో మోకాలి, తుంటి అరుగుదలకి తాయ్ చీని గట్టిగా సిఫారసు చేసింది. అంటే గుజ్జు తిరిగి పెరుగుతుందని కాదు, అలా ఎవరైనా చెబితే నమ్మకండి. నొప్పి తగ్గుతుంది, తూలి పడే ప్రమాదం తగ్గుతుంది, ఆ వయసులో అవే పెద్ద లాభాలు.

నేనైతే చీగాంగ్‌తో మొదలుపెట్టమంటాను, అందులోనూ బాదువాన్‌జిన్. ఎనిమిదే కదలికలు, నిలబడిన చోటే చేసేవి, వరస గుర్తుపెట్టుకునే టెన్షన్ ఉండదు. ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఉన్న పద్ధతి ఇది. ఇలాంటి వ్యాయామాలు చైనాలో అంతకన్నా ఎంతో పాతవి: మావాంగ్‌దుయ్‌లో క్రీ.పూ. 168 నాటి సమాధిలో ఒక పట్టుబట్ట దొరికింది, దాని మీద 44 మంది ఆడా మగా, చిన్నా పెద్దా రకరకాలుగా చేతులు చాస్తూ వంగుతూ బొమ్మల్లో కనిపిస్తారు. ఇది మామూలు మనుషుల వ్యవహారమని నాకు ఆ బొమ్మల వల్లే నమ్మకం కుదిరింది.

అమ్మగారికి మొదటి నాలుగు చాలు. రెండు చేతులూ పైకెత్తి అరచేతులు ఆకాశం వైపు తిప్పడం, విల్లు లాగడం, ఒక చేయి పైకి ఒక చేయి కిందికి నెట్టడం, భుజాలు కదలకుండా తల తిప్పి వెనక్కి చూడటం. విల్లు లాగేటప్పుడు వీడియోలో వాళ్లు గుర్రం మీద కూర్చున్నట్టు కిందికి దిగుతారు, ఆవిడ దిగనక్కర్లేదు, నిలబడే లాగొచ్చు. ఐదోదీ ఆరోదీ వదిలేయండి. వాటిలో నడుము వంచి తల కిందికి తేవాలి, బీపీ మాత్రలు వాడేవాళ్లకి పైకి లేచేటప్పుడు కళ్లు తిరగొచ్చు. చివరిదానిలో మడమలు ఎత్తి దబ్బున దించుతారు, ఆవిడ గ్రిల్ పట్టుకుని మెల్లగా దించుకుంటే చాలు.

శ్వాస గురించి ఎక్కువ ఆలోచించనివ్వకండి. చేతులు లేస్తుంటే పీల్చడం, దిగుతుంటే వదలడం, బిగపట్టకపోవడం, అంతే. నిద్ర కోసమైతే రాత్రి భోజనం అయ్యాక గంటన్నా ఆగి, గదిలో లైటు తగ్గించి, మొదటి కదలికనే పది నిమిషాలు చేయమనండి. పడుకునే ముందు ఫోన్ చూడకుండా గడిచే పది నిమిషాలు కూడా అవే అవుతాయి కాబట్టి ఫలితంలో ఏది దేనివల్లో విడదీసి చెప్పలేను గానీ, నాకు మాత్రం నిద్ర తొందరగా పడుతోంది.

చోటు సంగతి: మీకు దగ్గర్లో ఏ పార్కుంటే అది, ఇందిరా పార్కు, బాగ్‌లింగంపల్లి సుందరయ్య పార్కు, యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కు, సంజీవయ్య పార్కు, ఏదైనా సరే. కావాల్సింది చదునైన నేల. వాకింగ్ ట్రాక్ మీద వద్దు, వెనక నుంచి వచ్చేవాళ్లు తగులుతారు. గడ్డి కన్నా గట్టినేల మేలు, గడ్డిలో గుంటలు కనిపించవు. వేసవిలో ఆరు గంటలకల్లా మొదలుపెట్టి తొందరగా ముగించాలి, రోహిణి కార్తెలో సాయంత్రం డాబా మీద చేద్దామంటే కింది శ్లాబు పొయ్యే, ఆ రోజుల్లో ఇంట్లో ఫ్యాను కింద చేసుకోవడమే. బట్టల విషయానికొస్తే పంజాబీ డ్రెస్ హాయి. చీరే కట్టుకుంటానంటే కుచ్చిళ్లు చీలమండ పైకి ఉండేలా కట్టుకోమనండి, వెనక్కి అడుగు వేసేటప్పుడు మడమ కింద అంచు పడితే పడిపోతారు. మెత్తటి సోల్ లావుగా ఉన్న జాగింగ్ షూ కన్నా చదునుగా ఉండే క్యాన్వాస్ షూ మంచిది, పాదం కింద బరువు ఎటుందో తెలుస్తుంది.

టీచర్ దొరికితే మంచిదే, వీడియో మీ మోకాలు లోపలికి వాలుతోందని చెప్పదు కదా. వెతికేటప్పుడు బెల్టులూ పతకాలూ చూడకండి, మోకాలి నొప్పి ఉన్న పెద్దావిడకి ఏం మారుస్తారని అడగండి. వెంటనే ఇది మానేస్తాం, అది ఎత్తుగా చేయిస్తాం అని చెప్పగలిగితే చేర్పించండి. ప్రాణశక్తి ప్రసారం చేసి షుగర్ తగ్గిస్తాం, మాత్రలు మానేయొచ్చు అన్నవాళ్ల గుమ్మం తొక్కొద్దు. బీపీ మాత్ర తగ్గించాలా వద్దా అన్నది డాక్టర్ గారు కొలిచి చెప్పాలి, ఎవరి అనుభవం విని చేసేది కాదు.

రోజూ పావుగంట చాలు. ఆవిడ ఒక్కరే చేస్తే వారంలో మానేస్తారు, మీరు కూడా పక్కన నిలబడి చేయండి, ఆఫీసు పనితో మెడ పట్టేస్తోందని మీరే రాశారు కదా, విల్లు లాగడం మీకూ పనికొస్తుంది. అమ్మగారికి కళ్లు తిరగడం లాంటిది ఉందా, ఎప్పుడైనా పడ్డారా అన్నది మీరు రాయలేదు. ఉంటే ముందు డాక్టర్‌కి చూపించి, కింద కామెంట్‌లో చెప్పండి, కుర్చీలో కూర్చుని చేసేవి కూడా ఉన్నాయి, అవి విడిగా రాస్తాను.